‘ఏమీ లేవు’ అని రాసే ముందు: చెరువు ట్రయల్, కంపెనీ మందు, బావమరిది షాపు

నమస్తే అండీ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. మీరు భీమవరం దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతున్నారు. ఉండి ఊరి వైపు ఎనిమిది వనామి రొయ్యల చెరువుల్లో ఒక ప్రోబయోటిక్, అంటే మేలు చేసే సూక్ష్మజీవుల మందు, మీద ట్రయల్ చేశారు. నాలుగు చెరువుల్లో మందు వాడారు, నాలుగింటిలో వాడలేదు. మందు ఉచితంగా ఇచ్చింది కంపెనీయే, ల్యాబ్ పరీక్షల బిల్లు కట్టిందీ కంపెనీయే. పాలకొల్లులో మీ బావమరిదికి అదే కంపెనీ డీలర్‌షిప్ ఉంది. జర్నల్‌కు పేపర్ పంపుతుంటే ఫారంలో ‘కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్’ అన్న చోట, అంటే ఫలితం వల్ల మీకు లాభం కలిగే సంబంధాలు ఉంటే చెప్పమనే గడి దగ్గర, ఆగిపోయారు. సహరచయిత అయిన మీ గైడ్ గారు “ఏమీ లేవని రాసెయ్, అందరూ అదే రాస్తారు” అన్నారు. ఆయన ఆ జర్నల్ సంపాదక వర్గంలోనే ఉన్నారు. అచ్చుకు ముందు పేపర్‌ను పరిశీలించే ముగ్గురు సమీక్షకుల పేర్లు సూచించమంటే మీతో పీహెచ్‌డీ చేసిన స్నేహితుల పేర్లు ఇద్దామనుకుంటున్నారు. ప్రమోషన్ ఫైలు ఈ పేపర్ కోసం ఆగి ఉంది. అందుకే టెన్షన్.

సూటిగా చెబుతాను. ‘ఏమీ లేవు’ అని రాయకండి. రాయాల్సినవి మీకు రెండు ఉన్నాయి, మీ గైడ్ గారికి ఇంకొకటి ఉంది. ఈ మూడూ రాసినా మంచి జర్నల్ ఆ కారణంగా పేపర్ తిప్పి పంపదు. అయితే ఆ గడి నింపడంతో పని తీరదు. మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం ఉంది, “చెరువులను కంపెనీ టెక్నీషియన్లే ఎంపిక చేశారు” అని. ఫారం కంటే నాకు దాని మీదే ఎక్కువ బెంగ. దాని దగ్గరికి వస్తాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఉభయ గోదావరి జిల్లాల్లోనే చేపలు, రొయ్యల గురించి పాఠాలు చెప్పాను. పన్నెండేళ్లు ఒక మత్స్యశాస్త్ర జర్నల్ సంపాదకుల్లో ఒకడిగా పనిచేశాను. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య చెరువులకు చెరువులే పోయిన రోజులు చూశాను. 2009లో మన దేశంలో వనామి పెంపకానికి అనుమతి వచ్చాక మళ్లీ గట్లన్నీ కళకళలాడాయి. వాటితోపాటు ప్రతి సీజనుకూ ఒక కొత్త మందు, కొత్త మినరల్, కొత్త ప్రోబయోటిక్ దిగుతున్నాయి. ఇక్కడ పేపర్ లైబ్రరీలో ఉండిపోదు అండీ. దాని మొదటి పేజీ జిరాక్సు తీయించి, లామినేషన్ చేయించి, షాపు కౌంటరు మీద పెడతారు. “ఇదిగో, సైంటిస్టులు రుజువు చేశారు” అని రైతుకు చూపిస్తారు. లీజుకు చెరువు తీసుకుని, అప్పు తెచ్చి సీడ్ వదిలిన మనిషి ఆ కాగితాన్ని నమ్మి ప్యాకెట్ కొంటాడు. మీరు ఆ గడిలో ఏం రాస్తారన్నది ఆయనకు సంబంధించిన విషయం కూడా.

‘కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్’ అన్న మాటకు మన పత్రికల్లో ‘పరస్పర విరుద్ధ ప్రయోజనాలు’ అని రాస్తారు. ఆ పేరు వినగానే ఏదో నేరం అంటగట్టినట్టు ఉంటుంది. అందుకే జనం భయపడి ‘ఏమీ లేవు’ అంటారు. రొయ్యల పట్టుబడి రోజు గుర్తు తెచ్చుకోండి. కొనుగోలుదారు మనుషులు శాంపిల్ తీసి కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో, లెక్క కడతారు. నలభై కౌంటుకూ నలభై ఐదు కౌంటుకూ కిలోకి రేటులో తేడా ఉంటుంది కాబట్టి రైతు పక్కనే నిలబడి తను కూడా లెక్కపెడతాడు. అలా నిలబడినంత మాత్రాన కొనేవాణ్ణి దొంగ అన్నట్టు కాదు, కొనేవాడూ ఏమీ అనుకోడు. కౌంటు తీసినవాడికి ఆ అంకె వల్ల లాభం ఉందన్నది ఇద్దరికీ తెలిసిన సంగతి. తెలిసింది కాబట్టే సరిచూసుకునే వీలుంది. మీ పేపర్ చదివేవాడికి కూడా ఆ వీలు ఇవ్వమనే ఆ గడి అడుగుతోంది. ప్రయోజనం ఉండటం తప్పు కాదు. దాన్ని దాచడమే తప్పు.

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ, అంటే ఐసీఎంజేఈ, తయారు చేసిన వెల్లడి ఫారం ఒకటుంది. వైద్యం బయటి జర్నళ్లు కూడా చాలావరకు ఆ దారిలోనే నడుస్తాయి. అందులో ప్రస్తుత పరిశోధనకు మొదటి నుంచీ అందిన సాయం ఒక భాగంలోనూ, గడిచిన 36 నెలల్లో ఉన్న ఇతర సంబంధాలు ఇంకో భాగంలోనూ అడుగుతారు. డబ్బు మాత్రమే లెక్క అనుకోకండి. వ్యక్తిగత సంబంధాలు, పోటీలు, వైరాలు, ముందే ఏర్పరచుకున్న గట్టి అభిప్రాయాలు కూడా తీర్పును లాగగలవని ఆ కమిటీ స్పష్టంగానే చెబుతుంది. ప్రతి రచయితా తన ఫారం తనే నింపాలి. మీ తరఫున మీ గైడ్ గారు ‘లేవు’ అనలేరు, ఆయన తరఫున మీరూ అనలేరు.

ఇక మీ విషయానికి వద్దాం. కంపెనీ ఇచ్చిన మందు, ల్యాబ్ ఖర్చు రాయాలన్నది మీకూ తెలుసు. “నగదు చేతికి రాలేదు కదా” అన్నారు. వస్తువుగా వచ్చినా సాయమే. బావమరిది సంగతి దగ్గరే మీరు ఎక్కువగా నలుగుతున్నారు. “అది మా ఇంటి విషయం, ఫారంలో అలాంటి ప్రశ్న లేదు, రాస్తే ఆయన పరువు పోతుంది” అన్నారు. మీ ఇబ్బంది నాకు అర్థమైంది. పేరు రాయనక్కర్లేదు, ఊరు రాయనక్కర్లేదు. ‘మొదటి రచయిత దగ్గరి బంధువు ఈ ఉత్పత్తికి డీలరు’ అంటే చాలు. రాయకపోతే ఏమవుతుందో ఒక్కసారి ఊహించండి. మన ప్రాంతంలో ఎవరి బావమరిది ఎవరో తెలియని గట్టు ఉండదు. రేపు మీ పేపర్ జిరాక్సు ఆయన కౌంటరు మీదే ఉంటుంది. పక్క షాపు వాడు జర్నల్‌కు ఈమెయిల్ పెట్టడానికి ఒక్క పూట చాలు. అప్పుడు ఆయన పరువు, మీ పరువు రెండూ ఒకేసారి పోతాయి.

నేను ఒక కొలత వాడతాను. పేపర్ అచ్చయిన ఏడాది తర్వాత ఈ సంగతి వేరేవాళ్ల నోటి నుంచి బయటికొస్తే, చదివినవాడికి “ముందే చెప్పి ఉండాల్సింది” అనిపిస్తుందా? అనిపిస్తుందంటే రాసెయ్యాలి. అనుమానంగా ఉన్నా రాసెయ్యాలి. అనవసరమైంది రాస్తే సంపాదకుడు తీసేస్తాడు, అంతే.

ఇప్పుడు అసలు విషయం. ప్రయోజనం అంకెల్లోకి ఎలా దూరుతుందో చాలామంది ఆలోచించరు. అంకెలు మార్చేస్తేనే మోసం, మనం మార్చలేదు కదా అనుకుంటారు. మీరు ఒక్క అంకె మార్చలేదని నేను పూర్తిగా నమ్ముతున్నాను. కానీ ఎనిమిది చెరువుల్లో ఏ నాలుగింటికి మందు వేయాలో కంపెనీ మనుషులు నిర్ణయించారు. వాళ్లు ఏవి ఎంచుకుని ఉంటారు? కాలువకు దగ్గరగా ఉన్నవి, ఏరేటర్లు సరిగ్గా తిరిగేవి, కిందటి పంట బాగా వచ్చినవి. దురుద్దేశంతో అనక్కర్లేదు, తమ సరుకు మంచి చెరువులో వాడాలనే ఆలోచన అమ్మేవాడికి సహజంగానే వస్తుంది. తర్వాత ఆ టెక్నీషియన్ రోజూ వచ్చి ఆ నాలుగు చెరువుల చెక్ ట్రేలే, అంటే మేత ఎంత తిన్నాయో తెలిపే పళ్లేలే, చూస్తాడు. మేత మిగిలితే ఆ పూటే తగ్గిస్తాడు. ఆక్సిజన్ పడిపోతే రాత్రిపూటైనా ఫోను చేస్తాడు. మిగతా నాలుగు చెరువులకు ఆ కాపలా లేదు. చివర్లో మందు వేసిన చెరువుల్లో ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు ఎంత మేత పట్టిందన్న లెక్క, మెరుగ్గా వచ్చింది, బతికిన రొయ్య ఎక్కువ ఉంది. అది మందు వల్ల వచ్చిందా, కాపలా వల్ల వచ్చిందా? మీ లెక్కల్లో దానికి సమాధానం లేదు.

మందుల కంపెనీల డబ్బుతో నడిచిన వైద్య పరిశోధనల్లో కంపెనీకి అనుకూలమైన ఫలితాలు, ముగింపులు మిగతా పరిశోధనల్లో కంటే ఎక్కువగా కనిపిస్తాయని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్షలో తేలింది. ఆ పరిశోధనలు చేసిన వాళ్లందరూ అబద్ధాలు రాశారని దాని అర్థం కాదు. దేనితో పోల్చాలి, ఎవరిని ఎంచుకోవాలి, ఏ ఫలితాన్ని పైకి తేవాలి అన్న చిన్న చిన్న నిర్ణయాల్లో మొగ్గు వచ్చి చేరుతుంది. మీ ఎనిమిది చెరువుల కథ కూడా అదే.

ఇంకో ట్రయల్ చేసే అవకాశం ఉంటే చీటీలు వేసి చెరువులు ఎంచండి. చీటీలు తీసేది చెరువులతో, కంపెనీతో సంబంధం లేని మనిషి కావాలి. మందూ మందు లేని పొడీ ఒకేలాంటి సంచుల్లో అంకెలు వేసి ఇవ్వమనండి. ఏ అంకె సంచిలో ఏముందో రాసిన కాగితం మీ ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉంచండి. శాంపిల్ వల వేసేవాడికీ బరువు తూచేవాడికీ ఏ చెరువులో ఏముందో తెలియకూడదు. అవకాశం లేకపోతే, ఈ పేపర్‌లోనే ‘పరిమితులు’ అన్న భాగంలో చెరువులు ఎలా ఎంపికయ్యాయో, రోజువారీ పర్యవేక్షణలో తేడా ఏమిటో ఉన్నదున్నట్టు రాయండి. ముగింపులో “ఈ ప్రోబయోటిక్ ఎఫ్‌సీఆర్‌ను మెరుగుపరుస్తుంది” అన్న వాక్యం తీసేయండి. “మెరుగైన ఫలితం కనిపించింది, ఎంపికలో, పర్యవేక్షణలో తేడా వల్ల కారణం నిర్ధారించలేం” అని రాయండి. ముడి అంకెలు వీలైతే జర్నల్‌తో పాటు అందరికీ అందుబాటులో పెట్టండి. పేపర్ బలం తగ్గినట్టు అనిపిస్తుంది. నేను సంపాదకుడి కుర్చీలో కూర్చున్న రోజుల్లో ఇలా రాసిన పేపర్లను ఎక్కువ గౌరవంతో చదివాను.

కంపెనీతో మీరు కాగితం మీద ఏం సంతకం చేశారో చెప్పలేదు. ఇది చాలా ముఖ్యం. ఉచిత మందు కంటే ప్రమాదకరమైన వాక్యం ఒకటి అలాంటి ఒప్పందాల్లో చాలాసార్లు ఉంటుంది: ‘ఫలితాలు ప్రచురించే ముందు కంపెనీ అనుమతి తీసుకోవాలి’ అని. ముందుగా చూసి వ్యాఖ్య చేసే హక్కు వేరు, ఆపేసే హక్కు వేరు. ఆపేసే హక్కు ఉంటే, ఫలితం బాగుంది కాబట్టే ఈ పేపర్ బయటికి వచ్చింది, బాగాలేకపోతే వచ్చేది కాదు అన్నమాట. చదివేవాడికి ఆ సంగతి తెలియాలి.

చక్కెర కథ మీకు చెప్పాలి. 1967లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు గుండెజబ్బు మీద ఒక సమీక్షా వ్యాసం రాశారు. దోషం కొవ్వు మీదికి మళ్లింది, చక్కెర పాత్ర చిన్నదిగా కనిపించింది. దానికోసం చక్కెర పరిశ్రమకు చెందిన షుగర్ రీసెర్చ్ ఫౌండేషన్ సుమారు 6,500 డాలర్లు ఇచ్చింది. చిత్తుప్రతులు కూడా ముందే చూసింది. వ్యాసంలో ఆ ముక్క లేదు. అప్పటికి ఆ జర్నల్ అడిగేదీ కాదు, 1984 నుంచే అడగడం మొదలుపెట్టింది. పాత ఉత్తరాలు తవ్వితే 2016లో సంగతి బయటపడింది. రాసినవాళ్లు అప్పటికి లేరు, జవాబు చెప్పుకునే అవకాశం కూడా లేదు. ఇప్పటి కాలంలో యాభై ఏళ్లు ఆగనక్కర్లేదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆస్పత్రి ముఖ్య వైద్యాధికారి హోసే బసెల్గా పేరున్న శాస్త్రవేత్త. కంపెనీల నుంచి తీసుకున్న సొమ్మును చాలా పేపర్లలో చెప్పలేదని 2018లో పత్రికల్లో వచ్చింది. కొద్దిరోజుల్లోనే రాజీనామా చేశారు. ఆయన పరిశోధన అబద్ధమని అక్కడ ఎవరూ తేల్చలేదు. చెప్పకపోవడమే ఆయన పదవి తీసింది.

మీ గైడ్ గారి సంగతి. సంపాదక వర్గ సభ్యుడు తమ జర్నల్‌కే పేపర్ పంపకూడదన్న నియమం చాలాచోట్ల లేదు, పంపొచ్చు. కానీ నీటి సంఘంలో వంతులు రాసేవాడి పొలం కాలువ మొదట్లోనే ఉంటే, ఆయన ఎంత ధర్మంగా రాసినా శివారు రైతు నమ్మడు. అందుకే ఆ వంతు వరకు ఆయన తప్పుకుని ఇంకొకరి చేత రాయించాలి. మీరు ప్రధాన సంపాదకుడికి రాసే కవరింగ్ లెటర్‌లోనే, రచయితల్లో ఫలానావారు మీ సంపాదక వర్గ సభ్యులు, దయచేసి ఈ పేపర్‌ను వేరే సంపాదకుడికి అప్పగించండి అని రాయండి. సమీక్షకులు ఎవరో ఆయనకు ఆన్‌లైన్‌లో కనిపించకుండా చూడటం జర్నల్ బాధ్యత. అచ్చులో కూడా ఆ వాక్యం ఉండాలి.

గైడ్ గారితో ఎలా చెప్పాలన్నది మీ బాధ. ఫోనులో చెప్పకండి, ఇంటికి వెళ్లి చెప్పండి. “మీరు తప్పు చెప్పారు” అన్న మాట అవసరం లేదు. “సార్, రేపు ఎవరైనా జర్నల్‌కు రాస్తే మీ పేరు మీదికి కూడా వస్తుంది. కవరింగ్ లెటర్ నేను రాసుకొచ్చాను, ఒకసారి చూడండి” అనండి. రాసిన కాగితం చేతిలో ఉంటే మాట తేలికవుతుంది. చాలామంది పెద్దలు దీనికి అడ్డు చెప్పరు. వాళ్ల రోజుల్లో ఎవరూ అడగలేదు, అంతే. ఒకవేళ ఆయన గట్టిగా కాదంటే, మీ ఫారం వరకు మీరు నిజం రాయండి. ఆయన ఫారం ఆయన బాధ్యత.

సమీక్షకుల దగ్గర స్నేహితుల పేర్లు వద్దు. మీతో కలిసి చదివినవాళ్లు, గత మూడేళ్లలో మీతో కలిసి పేపర్ రాసినవాళ్లు, మీ కాలేజీ వాళ్లు, మీ గైడ్ గారి పాత విద్యార్థులు, ఎవరూ వద్దు. మీరు చదివిన పేపర్లలో ఈ పని బాగా తెలిసినవాళ్లు, మీరు ఎప్పుడూ కలవనివాళ్లు ఎవరో చూసి వాళ్ల పేర్లు ఇవ్వండి. వద్దనుకునే సమీక్షకులు ఉంటే, ఉదాహరణకు పోటీ కంపెనీకి సలహాదారు ఎవరైనా ఉంటే, కారణం చెప్పి వద్దనే వీలు కూడా చాలా జర్నళ్లు ఇస్తాయి.

సమీక్షకుడి వైపు నుంచి నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. తొలి రోజుల్లో నీలకంఠ రొయ్య పిల్లల మేత మీద ఒక పేపర్ నా దగ్గరికి సమీక్షకు వచ్చింది. అదే విషయం మీద నా విద్యార్థి అప్పటికే రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. సంపాదకుడికి ఆ మాట చెప్పి తిప్పి పంపాల్సింది. పంపలేదు. ఏడు వారాలు నా దగ్గరే ఉంచుకున్నాను. తర్వాత ఇంకో రెండు ప్రయోగాలు చేయమని రాశాను. ఆ ప్రయోగాలు నిజంగానే అవసరమని ఆ రోజు నమ్మాను. ఈలోగా మా పేపర్ ముందు వచ్చింది. కొన్నేళ్లకు ఒక సదస్సులో ఆ పేపర్ పెద్దాయన కలిస్తే, సమీక్షకుణ్ణి నేనేనని చెప్పి క్షమించమన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. “అది రాసిన అమ్మాయికి ఆ ఏడాది ఇంటర్వ్యూ నాటికి పేపర్ అందలేదు” అన్నారు. ఆ అమ్మాయి ఎవరో నేను అడగలేకపోయాను. అప్పటినుంచి సమీక్షకు ఏ పేపర్ వచ్చినా, సారాంశం దాటి చదివే ముందే నా విద్యార్థుల పనుల జాబితా ఒకసారి చూసుకుంటాను. దగ్గరగా ఉంటే ఆ రోజే సంపాదకుడికి రాస్తాను. మీకూ త్వరలో సమీక్షలు వస్తాయి, అందుకే చెబుతున్నాను.

“ముందు అచ్చవనివ్వండి, తర్వాత చూద్దాం” అని కూడా ఎవరో అన్నట్టు రాశారు. తర్వాత ఏం జరుగుతుందో చెబుతాను. 1997లో మొదలైన కోప్ అనే ప్రచురణ నైతికతా కమిటీ ఇలాంటి ఫిర్యాదు వస్తే సంపాదకులు ఏం చేయాలో అంచెలంచెలుగా రాసి పెట్టింది. రచయితలకు ఉత్తరం వస్తుంది, వివరణ అడుగుతారు. ఒప్పుకుంటే దిద్దుబాటు ప్రకటన వేస్తారు. దాచిన ప్రయోజనం చాలా పెద్దదై, ముగింపులనే వంచి ఉంటుందని సంపాదకుడికి అనిపిస్తే పేపర్‌నే ఉపసంహరించవచ్చు. మా జర్నల్‌లో ఒక మినరల్ మిశ్రమం మీద పేపర్ వేశాం. కొన్ని నెలలకు ఒక పాఠకుడు రాశాడు, రచయితల్లో ఒకరు ఆ తయారీదారు దగ్గర సలహాదారుగా ఫీజు తీసుకుంటున్నారని. అడిగితే ఒప్పుకున్నారు. రెండు వాక్యాల దిద్దుబాటు వేశాం. ఆ ఏడాదే నేను అమలాపురం వైపు వెళ్తూ ఒక షాపులో ఆగితే, ఆ పేపర్ మొదటి పేజీ గోడకు అంటించి ఉంది. దిద్దుబాటు అక్కడ లేదు. అది అక్కడికి ఎప్పటికీ చేరదు కూడా.

ప్రమోషన్ తొందర గురించి ఒక్క మాట. ఈ గడే లేని జర్నళ్లు, మూడు రోజుల్లో అంగీకారం, ముందు డబ్బు కట్టండి అనేవి మీ ఈమెయిల్‌కు రోజూ వస్తుంటాయి. వేసుకునే ప్రతి పేపర్‌కూ డబ్బు వచ్చే చోట, కాదనడం వాళ్లకే నష్టం. ఆ ప్రయోజనాన్ని అదుపు చేసే సమీక్ష అక్కడ ఉండదు. మంచి జర్నళ్లు ఏవో చెప్పే కేర్ జాబితాను యూజీసీ 2025లో ఆపేసింది కాబట్టి ఏది మంచి జర్నలో చూసుకోవడం ఇప్పుడు మీ కాలేజీ మీద, మీ మీద పడింది. ఆ దారి వద్దు.

మీ వెల్లడి ఇలా ఉండొచ్చు, ఇంగ్లీషులో ఇదే అర్థం వచ్చేలా రాసుకోండి: “ఈ ప్రయోగంలో వాడిన ప్రోబయోటిక్‌ను తయారీ కంపెనీ ఉచితంగా ఇచ్చింది, ల్యాబ్ పరీక్షల ఖర్చు కూడా భరించింది. చెరువుల ఎంపిక, మందు వేసిన చెరువుల రోజువారీ పర్యవేక్షణ కంపెనీ సిబ్బంది చేశారు. గణాంక విశ్లేషణలో, రచనలో కంపెనీకి పాత్ర లేదు. మొదటి రచయిత దగ్గరి బంధువు ఈ ఉత్పత్తికి డీలరు. రచయితల్లో ఒకరు ఈ జర్నల్ సంపాదక వర్గ సభ్యులు, ఈ పేపర్ సమీక్షలో గానీ నిర్ణయంలో గానీ ఆయన పాల్గొనలేదు.” ఇందులో ఏ వాక్యమైనా మీ విషయంలో నిజం కాకపోతే తీసేయండి. ముఖ్యంగా ‘రచనలో పాత్ర లేదు’ అన్నది. కంపెనీ మనిషి ఒక్క పట్టిక తయారు చేసి ఇచ్చినా ఆ మాట రాయకూడదు.

ఇవాళ మీరు చేయాల్సింది ఒకటే. ఆ ఒప్పందం కాగితం బయటికి తీసి ‘ప్రచురణ’, ‘అనుమతి’, ‘గోప్యత’ అన్న మాటలు ఎక్కడున్నాయో చూడండి. కంపెనీ పేరు లేకుండా ఆ వాక్యాలు మాత్రం నాకు రాయండి. ఆపేసే హక్కు వాళ్లకు ఇచ్చేసి ఉంటే, పేపర్ పంపే ముందు వాళ్ల చేత ఆ షరతు వదులుకుంటున్నట్టు రాయించుకోవాలి. ఆ ఉత్తరం ఎలా రాయాలో అప్పుడు చెబుతాను.